ఖలందర్ తేలిక సామాను

ఖోబర్‌లో ఆకురాలే కాలం లేదు. ఉన్న చెట్లు ఖర్జూరాలు, అవి దేన్నీ అంత తేలిగ్గా వదులుకునే రకం కావు. అక్టోబరు వచ్చిందని తెలిసేది ఏసీ మోత కాస్త తగ్గినప్పుడు, సముద్రపు ఉక్క వీపు మీది చొక్కాను విడిచినప్పుడు. కానీ సౌదీ సర్కారు ఫ్యామిలీ ఫీజు పెట్టిన ఏడాది ఆ ఊళ్లో కూడా రాలాయి. ఆకులు కాదు, కాపురాలు. భార్యకింత, బిడ్డకింత అని తల లెక్కన కట్టకపోతే అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు కదలదని తెలిశాక, బాల్కనీల్లో ఆరేసిన చిన్న గౌన్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఇండియన్ స్కూలు బస్సులు గాలిని ఎక్కించుకుని తిరిగాయి. చెత్తడబ్బాల పక్కన మూడు చక్రాల సైకిళ్లు, భోజనపు కుర్చీలు, గోడల నుంచి ఊడదీసిన అక్షరాల పటాలు పోగుపడ్డాయి.

ఆ గాలికి అఫ్షాన్ కూడా రాయచోటి వెళ్లిపోయింది, కూతురు జబీనీ, ఇంకా మాటలు రాని కొడుకునీ వెంటబెట్టుకుని. కొమ్మకు ఆమె భర్త ఖలందర్ ఒక్కడు మిగిలాడు.

ఖలందర్ అంటే ఇల్లు పట్టకుండా దేశాలు తిరిగే ఫకీరు. ఆ పేరు పెట్టిన తాతకు మనవడు ఒక కాంట్రాక్టు కంపెనీలో ఒకే కుర్చీలో ఇన్నేళ్లు కూర్చుంటాడని తెలియదు. సైట్లలో పనిచేసే కూలీల హాజరు కంప్యూటర్‌లోకి ఎక్కించడం అతని పని. ఇఖామాలో మాత్రం అతని వృత్తి సరుకు ఎత్తి దించే కూలీ. నితాఖత్ చట్టం వచ్చి, ఉద్యోగుల్లో సౌదీలు ఎంతమంది ఉన్నారన్న దాన్నిబట్టి కంపెనీలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు పూసినప్పుడు, ఎరుపులో పడిన యజమాని ఒక ఉపాయం చేశాడు. ఖలందర్‌ను కాగితాల మీద గోదాములోకి దించి, ఆ కుర్చీలో తన మేనల్లుడి పేరు రాయించాడు. మేనల్లుడు ఒక్కరోజూ రాలేదు. ఖలందర్ రోజూ అందరితో పాటు అతనికీ హాజరు వేసేవాడు. కంపెనీ ఆకుపచ్చగా మారింది. ఆ ఊళ్లో కనిపించే పచ్చదనంలో చాలా భాగం అలాంటిదే.

అఫ్షాన్ వెళ్లాక కంపెనీ అతన్ని ఊళ్లోనే తుగ్బా పేటలోని బ్యాచిలర్ గదికి మార్చింది. ఇద్దరు పిల్లల తండ్రిని బ్యాచిలర్ అనడం గల్ఫ్‌లో అబద్ధం కాదు, చిరునామా. గదిలో రెండో మంచం లింబాద్రిది. నిజామాబాద్ వైపు మనిషి, ఏసీలు బాగుచేస్తాడు. ఎవరి కలనైనా విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ బిగించి ఇచ్చేయగల ఓపిక ఉంది అతనికి. నోరు మాత్రం ఊరుకోదు.

మరుసటి జనవరి నుంచి కంపెనీ మీద కూడా పరాయి దేశపు మనిషికింత అని సుంకం పడింది. యజమాని వరండాలో ఎదురైనవాణ్ణి బిల్లును చూసినట్టు చూడటం మొదలుపెట్టాడు. ఆ చూపుకు మొదట రాలినవాడు ఒక పోర్చుగీసు ఇంజనీరు. అతను తన కొండల సైకిలును కొనేవాళ్లు దొరక్క, ఖలందర్ కుర్చీకి ఆనించి వెళ్లిపోయాడు. దాని లావాటి టైరు గాట్లలో ఎక్కడిదో ఎండిన బురద ఉంది. బురదలో ఒక ఆకు ఉంది. రాగి రంగుది, అంచులు నలిగినది. ఖలందర్ దాన్ని గోటితో మెల్లగా ఊడదీసి, దీపం ముందు పెట్టి చూశాడు. ఈనెల మధ్యలోంచి వెలుతురు, సాయంత్రం ఎవరో కిటికీ తెరిచినట్టు వచ్చింది.

గదిలో ఆ ఆకును చూపిస్తే లింబాద్రి మోదుగాకు కావచ్చు అన్నాడు. తమ ఊళ్లో దానితో విస్తర్లు కుడతారని కూడా చెప్పాడు.

కానీ ఖలందర్ అప్పటికే వెళ్లిపోయాడు. మనిషి మంచం మీదే ఉన్నాడు, ఫోను చేతిలోనే ఉంది, చూపు మాత్రం తడిసిన అడవి బాటల మీద పడింది. ఫోనులో గడ్డాలవాళ్లు సైకిళ్లకు సంచులు కట్టుకుని, కంకర దారుల్లో, పొగమంచులో, బంగారు రంగు చెట్ల కింద వెళ్తున్నారు. సాయంత్రం అరచేతంత పొయ్యి మీద కాఫీ కాచుకుని, కాఫీ గురించి చాలాసేపు మాట్లాడుతున్నారు. వాళ్లకు వీసాల బాధ ఉన్నట్టు లేదు. వానలో తడిసినా నవ్వుతున్నారు. వానకు తడవడం తప్ప చెమటకు తడవడం ఎరగని నవ్వు అది.

ఖలందర్ దేశం ఎంచుకున్నాడు. స్లొవేనియా. యూరప్‌లో తక్కువ ఖర్చులో అయ్యే చోటన్నారు, అడవుల్లో తారు లేని దారులున్నాయన్నారు, అక్టోబరులో చెట్లన్నీ ఒకేసారి రంగు మారతాయన్నారు. వీటన్నిటికీ మించిన కారణం మరొకటుంది. అక్కడ రాయచోటివాడు ఒక్కడూ లేడు.

పుట్టినప్పటి నుంచి ఖలందర్ ఎక్కడికి వెళ్లినా అవతల ఎవరో ఎదురుచూస్తూ ఉన్నారు. బడికి వెళ్తే సారు, ఖోబర్ వస్తే కంపెనీ, ఇంటికి వెళ్తే ఇల్లంతా. ఎవరూ ఎదురుచూడని చోటికి ఒక్కసారి వెళ్లాలని అతని కోరిక. అంతకన్నా పెద్దది ఏమీ కాదు. అయితే అతనికి సెలవు రెండేళ్లకు ఒకసారి వచ్చేది, ఆ సెలవు పుట్టకముందే అఫ్షాన్ పేరున రాసి ఉండేది. మిద్దె కారడం, మరదలి పెళ్లి, కొడుకు సున్తీ, అన్నీ ఆ సెలవు కోసమే ఆగి ఉండేవి. అందులోంచి మొదటి రెండు వారాలు ఎవరికీ తెలియకుండా కోసుకోవాలని అతను నిర్ణయించుకున్నాడు. అఫ్షాన్‌కు ఫోనులో నెలాఖరుకు వస్తానని చెప్పాడు. చెప్పాక గుండె దడదడలాడింది. ఇంత చిన్న దొంగతనానికి అంత దడ అవసరమా అని తనను తానే మందలించుకున్నాడు.

ఇక తయారీ. ఈ రకం ప్రయాణానికి ఒకటే మతం, బరువు తగ్గించడం. వెళ్లిపోతున్న కుటుంబాల దగ్గర సగం ధరకు ఒక డేరా దొరికింది, చంకలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనంత పలచనిది. హ్యాండిల్‌కు, సీటు కిందకు, చట్రం మధ్యకు కావలసిన సంచులను తుగ్బాలోని పాకిస్తానీ దర్జీ టార్పాలిన్‌తో కుట్టాడు. ఒంటెకు కాబోలు అనుకుని ముందు ఒంటెను తీసుకురమ్మన్నాడు. కొండలెక్కే సాధనకు ఖోబర్‌లో కొండ లేదు కాబట్టి, ఖలందర్ శుక్రవారం పొద్దున ఒక మాల్ పార్కింగ్‌లోని ఏటవాలు దారిని నాలుగో అంతస్తు దాకా తొక్కేవాడు. నేపాలీ కాపలావాడు అక్కడ ఈల వేసి దింపేవాడు. బాట లేని నేల కోసం ఖాళీ ప్లాట్లలోకి వెళ్తే చక్రం ఇసుకలో ఇరుక్కునేది, వాచ్‌మన్ నీళ్లిచ్చేవాడు. ఖర్చు తగ్గించడానికి అక్కడి రైతులను అడిగి వాళ్ల పొలాల్లో డేరా వేసుకోవాలని, రొట్టె, జున్నుతో గడపాలని అనుకున్నాడు. జున్ను కోసం సాధనగా రోజూ డబ్బా చీజు తినడం మొదలుపెట్టాడు. పొట్ట చెడింది.

కొక్కేనికి వేలాడదీసి తూచే చిన్న కాటా ఒకటి కొని, ప్రతి వస్తువునూ తూచేవాడు. ఒకరోజు పళ్ల బ్రష్షు పిడిని సగానికి కోస్తుంటే లింబాద్రి మంచం మీద లేచి కూర్చున్నాడు.

“గదేంది భాయ్, బ్రష్షును గట్ల కోస్తున్నవ్?”

“బరువు తగ్గించాల లింబాద్రీ. చిన్నచిన్నవి తగ్గిస్తే మొత్తం మీద కలిసొస్తాది.”

లింబాద్రి అతని పొట్ట వైపు కాసేపు గౌరవంగా చూశాడు.

“మరి గది ఎప్పుడు కోస్తవ్?”

వీసా రాదని లింబాద్రి నమ్మకం. సరుకు ఎత్తి దించే కూలీ అడవిలో సైకిలు తొక్కడానికి యూరప్ వస్తానంటే ఏ తెల్లదొర ఒప్పుకుంటాడన్నాడు. వీసా కేంద్రంలోని అమ్మాయి కూడా ఇఖామా చూసి, జీతం కాగితం చూసి, మళ్లీ ఇఖామా చూసింది. ప్రయాణం ఎందుకని అడిగితే ఖలందర్ నిజమే చెప్పాడు, ఆకులు రాలడం చూడటానికని. ఆమె ఆ వాక్యాన్ని రాసుకోలేదు, పర్యాటకం అని టిక్కు పెట్టింది. మేనేజరు మాత్రం సెలవు కాగితం మీద ఎంత సంతోషంగా సంతకం చేశాడంటే, తిరిగి రానక్కర్లేదంటాడేమోనని ఖలందర్ నిలబడి కాసేపు ఎదురుచూశాడు.

వీసా వచ్చింది. పాస్‌పోర్టులో నీలం, ఆకుపచ్చ రంగుల మెరుపు బిళ్ల. అందులో ఖలందర్ ఫోటో భయపడుతూ ఉంది. అతను అదే రోజు ఇస్తాంబుల్ మీదుగా టికెట్ కొన్నాడు, తక్కువ ధరది, రద్దు చేస్తే పైసా తిరిగి రానిది. అఫ్షాన్ ఇచ్చి వెళ్లిన జానమాజ్ చాప మీద రెండు రకాతులు నమాజు చదివాడు. ఆమె పేరు మీదా మరో రెండు చదువుదామనుకుని ఆగాడు. అది మరీ దగాగా తోచింది.

అతని తప్పు ఒకటే. తను వెళ్లేది ఎక్కడికో దాచాడు, కానీ వెళ్తున్నాడన్న సంగతి దాచలేకపోయాడు. ఆఫీసులో సెలవు తేదీలు గోడకు అంటిస్తారు. గల్ఫ్‌లో సెలవు అంటే ఇల్లు. మరో అర్థం ఎవరికీ తట్టదు. సెలవు మీద పోయేవాడి సంచిలో ఊరివాళ్లందరికీ తలా ఒక మూల హక్కు ఉంటుంది. అడగరు, తెచ్చి పెట్టేసి పోతారు.

మొదట వచ్చినవాడు అబ్దుల్ ఘనీ. తుగ్బాలో కిరాణా కొట్టు నడిపే పెద్దాయన, రాయచోటిలో ఖలందర్ ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు. ఎనిమిది ఉన్ని దుప్పట్లు పట్టేంత కట్టను భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు.

“ఏం ఖలందరూ, లీవు పోతాండావంట గదా. నాకు చెప్పకపోతివే, నేనేమన్నా పరాయోన్నా?” అన్నాడు. “ఏం లేదప్పా, రెండు దుప్పట్లు, పాలపొడి డబ్బాలు. మా ఇంటామె జైతూన్ బీకి ఇచ్చెయ్.”

వద్దని చెప్పడానికి ఖలందర్ నోరు తెరిచాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు, చెబితే సాయంత్రానికి రాయచోటికి తెలుస్తుంది. నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత డ్రైవర్ బాబ్జాన్ మక్కా నుంచి వచ్చిన జమ్‌జమ్ నీళ్ల క్యాను తెచ్చాడు. ఎవరో తలనొప్పి తైలం సీసాలు, ఎవరో బాదం పప్పు, ఎవరో మిక్సీ, ఎవరో తమ పాప కోసం నడిచే బొమ్మ తెచ్చారు. ఒకాయన తన తల్లికి తన పాత కళ్లజోడు పంపాడు, ఆమెకూ అదే నంబరు అయి ఉంటుందని. ఖలందర్ మంచం కింద నిండింది, మంచం పైన నిండింది. పళ్ల బ్రష్షు సగం పిడితో ఆ గుట్టల మధ్య ఎక్కడో పోయింది.

నిద్ర పట్టక ఖలందర్ ఒక దారి కనిపెట్టాడు. ఇవన్నీ కార్గో దుకాణంలో వేసేస్తే ఓడ మీద నెలాఖరుకు చేరతాయి, తనూ నెలాఖరుకే చేరతాడు, ఎవరికీ తేడా తెలియదు. బరువు సంగతి అలా తీరింది. మర్నాడు దుకాణానికి బయల్దేరుతుండగా అఫ్షాన్ ఫోను చేసింది.

వాళ్లింట్లో మాట ఉర్దూ. కోపం వచ్చినప్పుడు మాత్రం అఫ్షాన్ తెలుగులోకి మారుతుంది, ఇరుగుపొరుగుకు కూడా అర్థం కావాలని.

“జబీ అబ్బా, పదో తారీకు వస్తాండావంట గదా,” అంది తెలుగులో.

“ఎవురు చెప్పినారు?”

“ఎవురు చెప్పలేదని అడుగు. జైతూన్ బీ పొద్దున్నే వచ్చి వాకిట్లో కూచోనుండాది, దుప్పట్లు ఏ రంగువని. బాబ్జాన్ వాళ్లమ్మ నీళ్లకు చెంబు గూడా తెచ్చింది. ఊరోళ్లకంతా పదో తారీకు, నాకు నెలాఖరా? నడుమ యాడుంటావు?”

బరువును ఓడలో వేయవచ్చు. వార్త అప్పటికే ఖలందర్ కంటే తేలికైన సామానుతో బయల్దేరి రాయచోటి చేరిపోయింది.

కిటికీ అవతల ఒక పావురం ఏసీ పెట్టె మీద వాలి, లోపలికి చూసి, ఎగిరిపోయింది. నిజం చెప్పడానికి కావలసినంత సేపు ఫోనులో నిశ్శబ్దం ఉంది. చెప్పి ఉంటే అఫ్షాన్ అరిచేది, ఏడ్చేది, చివరికి పొమ్మనేదేమో కూడా. ఆ మాట కోసం ఖలందర్ సాధన చేయలేదు. పార్కింగ్ ఎక్కడం సాధన చేశాడు.

“నీకు చెప్పకుండా వచ్చి సంతోషపెడదామని,” అన్నాడు.

“అట్లనా,” అంది ఆమె. “సరే, సంతోషపడతాలే. రా.”

టికెట్ గాలిలో కలిసింది. కొత్త టికెట్ బెంగళూరుకు. సైకిలును లింబాద్రికి ఇచ్చేశాడు. లింబాద్రి దాని మీద రొట్టెలకు వెళ్లొచ్చి, గేర్లు ఎక్కువున్నాయి గానీ రొట్టె వేడి అంతే ఉందని చెప్పాడు. ఖలందర్‌ను ఓదార్చడానికి అతను చేసిన ప్రయత్నం అది ఒక్కటే. సామాను కట్టడానికి కూడా అతనే కూర్చున్నాడు. దర్జీ కుట్టిన సంచుల్లో బాదం పప్పు, తైలం సీసాలు చక్కగా పట్టాయి. ఒంటె ఒక్కటే తక్కువైంది.

దమ్మామ్ విమానాశ్రయంలో కౌంటరు మనిషి ఖలందర్ ఇఖామా చూశాడు, అతని బండి మీది గుట్ట చూశాడు. అన్నేళ్లలో మొదటిసారి ఒక మనిషి ఆ వృత్తిని సందేహం లేకుండా నమ్మాడు. కానీ బరువు ఎక్కువైంది, తగ్గించమన్నాడు. ఖలందర్ పక్కకు వచ్చి, నేల మీద కూర్చుని, ఇతరులవి ముట్టకుండా తన వస్తువులు తీయడం మొదలుపెట్టాడు. అరచేతంత పొయ్యి తీశాడు. ఈకంత తేలిక గ్లాసు తీశాడు. మడిస్తే గుప్పిట్లో పట్టే వానచొక్కా తీశాడు. ఒక్కొక్కటి తీసి మళ్లీ కాటా మీద పెడితే అంకె కదల్లేదు. నెలల తరబడి ఏరి ఏరి కొన్న తేలిక అంతా ఆ కాటాకు ఆనలేదు.

“గవి తీస్తే ఏం తగ్గుతది భాయ్,” అన్నాడు సాగనంపడానికి వచ్చిన లింబాద్రి. “నీవి అసలే బరువు లేవాయె. ఎవనిదన్న ఒకని మూట తీయి.”

ఎవరిది తీయాలో ఖలందర్‌కు తెలియలేదు. దుప్పట్లు తీస్తే అబ్దుల్ ఘనీ ముఖం, నీళ్లు తీస్తే పాపం. చివరకు అదనపు బరువుకు కార్డు గీకాడు. పొయ్యి, గ్లాసు, వానచొక్కా లింబాద్రి చేతిలో పెట్టాడు. డేరా మాత్రం, ఎలాగూ బరువు లేదు కదా అని, దుప్పట్ల మధ్య దోపాడు.

రాయచోటిలో ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది, వధువు తప్ప అందరూ సంతోషంగా ఉన్నారు. జైతూన్ బీ దుప్పట్ల రంగు నచ్చలేదంది. కళ్లజోడు పెట్టుకున్న ముసలామె ఖలందర్‌ను చూసి ఎవరో అనుకుని దీవించింది. మూటలన్నీ వెళ్లిపోయాక, గచ్చు మీద తాళ్లు, అట్టలు మిగిలాక, జబీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

“అబ్బా, మాకేం తెచ్చినావు?”

ఖలందర్ ఖాళీ సంచుల వైపు చూశాడు. అతను ఇంటికి ఏమీ కొనలేదు. కొనవలసిన నెలలన్నీ వస్తువులు తేలిక చేయడంలో గడిచాయి. దుప్పట్ల అట్టలోంచి డేరా తీసి, ఇదిగో ఇల్లు అన్నాడు. జబీ నమ్మి, దాన్ని కౌగిలించుకుని మిద్దె మీదకు పరుగెత్తింది.

అఫ్షాన్ అతని పాస్‌పోర్టును బీరువాలో పెట్టడానికి తీసుకుంది. ఎప్పుడూ అదే చేస్తుంది, భర్త కచ్చితంగా ఇంట్లో ఉన్నాడనడానికి ఆ నీలం పుస్తకం బట్టల కింద ఉండటమే ఆమెకు సాక్ష్యం. తొమ్మిదేళ్లు ఖోబర్‌లో ఉన్న మనిషి కాబట్టి పేజీలు తిప్పింది. మెరుపు బిళ్ల దగ్గర ఆగింది. ఏమిటిదని అడిగితే ఖలందర్ ఈసారి అంతా చెప్పాడు, సైకిలు, అడవి, ఆకు, రెండు వారాలు, రైతులను అడిగి వాళ్ల పొలాల్లో పండుకోవడం. చెబుతుంటే తనకే ఎంతో అందంగా వినిపించింది. అఫ్షాన్ నవ్వలేదు, అరవలేదు. పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేసింది.

“నాకు తెలీకుండా రెండు వారాలు దాచిపెట్టుకున్నావు,” అంది తెలుగులో. “అవి నీవే, తీసుకో. మిద్దె ఖాళీగానే ఉండాది, డేరా గూడా ఏసినారు పిల్లోళ్లు. ఆడ రైతులను అడిగి పండుకోవాలంటివి గదా. ఈడ గూడా రోజూ అడిగి పండుకో.”

ఆ సాయంత్రం నుంచి ఖలందర్ యాత్ర మొదలైంది. రోజూ మసక పడుతుండగా మెట్ల కింద నిలబడి అడిగేవాడు. లోపలి నుంచి సరే అన్న మాట ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి కూర దించాక వచ్చేది. జబీ రొట్టె తెచ్చేది, జున్ను ఉండేది కాదు. ఈశాన్యపు వానలు ఆ ఏడాది తొందరగానే వచ్చాయి. డేరా గుడ్డ మీద చినుకులు చిన్న చిన్న వేళ్లతో ఎవరో తలుపు తడుతున్నట్టు పడేవి. పక్క ఇంటి బాదం చెట్టు పండుటాకులు ఎర్రగా, తడిగా వచ్చి డేరాకు అంటుకునేవి. లోపలి నుంచి చూస్తే వాటి ఈనెల మధ్య వెలుతురు కనబడేది. ఖలందర్ ఆ వెలుతురును చూస్తూ పడుకునేవాడు. కింద మిద్దె కారుతున్న చోట గిన్నె పెట్టిన చప్పుడు కూడా వినబడేది.

ఒక పొద్దున జైతూన్ బీ దుప్పటి మార్చుకోవచ్చేమో కనుక్కోవడానికి వచ్చి, వాకిట్లోంచి పైకి చూసింది.

“ఆ పైన ఏందమ్మా అది? ఖలందరు యాడ?”

“యూరప్ పోయినాడు,” అంది అఫ్షాన్, బియ్యం చెరుగుతూ. “నెలాఖరుకు వస్తాడు.”

డేరాలో ఖలందర్ ఊపిరి బిగపట్టి విన్నాడు. జైతూన్ బీ దుప్పటిని ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

“అట్లనా. అయితే వచ్చినాక చెప్పమ్మా,” అంది. “తిరిగి పోయేటప్పుడు మా ఆయనకు రెండు జాడీలు ఊరగాయ పంపాల.”